ద్రాక్షతోటలో ఫిర్యాదుగారు

ఫిర్యాదుగారు ఏ గుమ్మంలో అడుగుపెట్టినా మొదట అడిగేది ఫిర్యాదుల పుస్తకం. కుర్చీ వేసినా కూర్చోరు, మంచినీళ్లిచ్చినా పుచ్చుకోరు. ఆ పుస్తకం ఏ అరలో ఉందో, దాంట్లో ఖాళీ పేజీలు మిగిలాయో లేదో తేలితే గాని ఆయన మనసు కుదుటపడదు. పెన్ను మాత్రం ఎవర్నీ అడగరు. ఫిర్యాదుల పుస్తకానికి దారంతో కట్టి ఉంచే పెన్ను ఇంతవరకూ ఎక్కడా రాసిన పాపాన పోలేదని ఆయన అనుభవం. అందుకని చొక్కా జేబులో సొంత పెన్ను ఒకటి, అది మొరాయిస్తే అక్కరకొస్తుందని ఇంకొకటి ఎప్పుడూ ఉంటాయి.

ఆయనకి కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. అది సంతకానికి తప్ప దేనికీ పనికిరాలేదు. వీధంతా ఆయన్ని ఫిర్యాదుగారనే పిలుస్తుంది. పిలిచే పద్ధతి బాగాలేదని ఆ విషయం మీద కూడా ఆయనకి ఫిర్యాదు ఉంది.

ముప్ఫై రెండేళ్లు ఆయన నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల కౌంటరు వెనక కూర్చున్నారు. కుళాయి రావడం లేదని కొందరు, కుళాయి ఆగడం లేదని కొందరు, పక్కింటి కుళాయి బాగా వస్తోందని ఇంకొందరు, ఊరంతా వచ్చి ఆయన మీద అరిచిపోయేది. ఆయన ఒక్క మాట తిరిగి అనలేదు. రిటైరైన మర్నాడు పొద్దున్నే లేచి, "ముప్ఫై రెండేళ్లు విన్నాను. ఇక నా వంతు," అని భార్యతో చెప్పి, చెప్పులేసుకుని వీధిలోకి వెళ్లారు. ఆరేళ్లయింది. ఆ వంతు ఇంకా అవలేదు.

అసలు రిటైరైన రోజే లక్షణాలు కనిపించాయి. వీడ్కోలు సభలో ఏడుగురు ఆయన్ని పొగిడారు. వారం తిరక్కుండా పై ఆఫీసుకి ఉత్తరం వెళ్లింది: నన్ను పొగిడిన ఏడుగురిలో ముగ్గురు పచ్చి అబద్ధాలు చెప్పారు, విచారణ జరిపించండి అని. రక్తపోటు చూసిన డాక్టరు "మీకేం, నిక్షేపంలా ఉంది" అంటే మిషను చెడిపోయిందని ఆసుపత్రి పుస్తకంలో రాశారు. మంగలి షాపులో అద్దం మనిషిని లావుగా చూపిస్తోందని రాశారు. పార్కులో బెంచీ మీద కూర్చుంటే చెట్టే కనిపిస్తోంది, దారి కనిపించడం లేదని రాశారు. బెంచీని తిప్పించి వేశాక దారే కనిపిస్తోంది, చెట్టు కనిపించడం లేదని రాశారు.

వీటన్నిటినీ నవ్వుతూ భరించినవాడు ఒకడున్నాడు. ఒకటో తరగతి నుంచీ ఆయన పక్కన కూర్చున్న స్నేహితుడు. అతను టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగి, రిటైరయ్యే వయసు దాటినా కంపెనీ వదల్లేదు. రోజుకి రెండు వందల కప్పులు ఒక్కో గుటక పీల్చి, పుక్కిలించి, ఇది ఏ తోట ఆకు, కొండకి ఏ వైపుది, వాన పడ్డాక కోశారా ముందే కోశారా అన్నది చెప్పేయగలడు. అందుకే అందరూ అతన్ని నాలుక అంటారు. పెళ్లి చేసుకోలేదు. చేసుకుంటే వంటకి వంకలు పెడతానేమోనని భయపడ్డానంటాడు.

ఆ నాలుక ఇంట్లోనే ఫిర్యాదుగారు చేసిన ఘనకార్యం ఒకటుంది. నాలుక మూడు నెలల కిందట పెద్ద జ్వరమొచ్చి లేచాడు. పలకరించడానికి ఫిర్యాదుగారు వచ్చారు. నాలుక స్వయంగా టీ పెట్టి ఇచ్చాడు. ఫిర్యాదుగారు ఒక కప్పు తాగారు. ఇంకో కప్పు అడిగి తాగారు. తాగి, లేచి, తిన్నగా టీ డబ్బా ఎక్కడుందో వెతికి పట్టుకుని చంకన పెట్టుకున్నారు.

"ఏంట్రా అది?" అన్నాడు నాలుక.

"ఇందులో యాభై గ్రాములు తక్కువుంది. చేత్తో పట్టుకుంటేనే తెలుస్తోంది. మీ కంపెనీ మీద ఫిర్యాదు చేస్తున్నాను."

"సగం తాగేసిన డబ్బారా! తక్కువుండక ఎక్కువుంటుందా?"

"తాగింది ఎంతో, తగ్గింది ఎంతో కంపెనీయే తేలుస్తుంది. అడ్డం రాకు!"

మర్నాడు పొద్దున్నే కొత్త డబ్బా తెచ్చి బల్ల మీద దబ్బున పెట్టారు. "ఇదిగో. కంపెనీవాళ్లు తప్పు ఒప్పుకుని మార్చి ఇచ్చారు," అన్నారు. తన సొంత కంపెనీ ఒక్క రాత్రిలో డబ్బా ఎలా మార్చిందో నాలుకకి అంతు పట్టలేదు. ఆ కథ చెప్పుకుని స్నేహితులు వారం రోజులు నవ్వారు. అందరికంటే ఎక్కువ నవ్వినవాడు నాలుకే.

నవ్వాడు గాని, ఆ రోజుల్లో అతనికి నవ్వే ఓపిక లేదు. జ్వరం పోతూ పోతూ అతని వాసన పట్టే శక్తిని పట్టుకుపోయింది. తీపి తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది, చేదు తెలుస్తుంది. అంతవరకే నాలుక పని. మిగతా రుచి మొత్తం ముక్కుదని అతనికి తెలిసినంత బాగా ఎవరికి తెలుసు? ఇప్పుడు ఏ టీ అయినా అతనికి చేదుగా ఉన్న వేడినీళ్లే. నీరసమని చెప్పి సెలవు పెట్టాడు. పొడిగించాడు. మళ్లీ పొడిగించాడు. వచ్చే సోమవారంతో ఆ సెలవు అయిపోతుంది. ఈ సంగతి ప్రపంచంలో ఎవరికీ చెప్పలేదు. ముప్ఫై ఏళ్లుగా నాలుక అని పిలిపించుకున్న మనిషి, ఇక నేను నాలుకని కాను అని ఎవరితో అంటాడు?

సరిగ్గా ఈ సమయంలో పళ్ల డాక్టరు ప్రయాణం కట్టాడు. ఇతను మూడో స్నేహితుడు. మంచివాడే. ఇతరుల నోళ్లు తెరిపించడం ఇతని వృత్తి, తన నోరు మూసుకోలేకపోవడం ఇతని బలహీనత. ఉదయం ఒకరి పన్నులో రంధ్రం చూస్తే సాయంత్రానికి అది బజారంతా తెలుస్తుంది. పైగా టీ కంపెనీ మేనేజరు పళ్లు ఇతని చేతిలోనే ఉన్నాయి. కొండ మీద ద్రాక్షతోట ఉంది, వాళ్లే వైన్ చేస్తారు, రోజంతా తిప్పి చూపించి రకరకాలు రుచి చూపిస్తారు, వ్యానులో వెళ్లొద్దాం అన్నాడు. నాలుక ఏదో సాకు చెప్పబోయాడు.

"నువ్వు రాకపోతే ఎలారా? నీకోసమే కదా ఇదంతా! మా స్నేహితుడు దేశంలోనే పేరున్న టేస్టరని తోటవాళ్లకి ఫోను చేసి చెప్పేశాను. వాళ్ల పెద్దాయన నిన్ను చూడాలని ప్రత్యేకంగా కూర్చుంటానన్నాడు!"

అలా నాలుక మెడకి ఉరి పడింది.

వ్యాను బయల్దేరిన పది నిమిషాలకే గొడవ మొదలైంది. కొండ మీద చలిగా ఉంటుందని నాలుక స్వెటర్ వేసుకొచ్చాడు. ఫిర్యాదుగారి భార్య ముక్కు దగ్గరకి చెయ్యి తెచ్చుకుని, "అన్నయ్యగారూ, మీ స్వెటరు..." అనబోయారు.

"కిటికీ!" అని అరిచారు ఫిర్యాదుగారు. "ఈ కిటికీ ఎందుకు తెరుచుకోదయ్యా డ్రైవరూ? గాలి ఆడని బండిలో నలుగురిని కుక్కి కొండెక్కిస్తావా? మేం మనుషులమా, ఊరగాయ జాడీలమా? ఫిర్యాదుల పుస్తకం ఉందా ఈ బండిలో?"

"ఇది నా సొంత బండి సార్," అన్నాడు డ్రైవరు.

"సొంత బండైతే సొంత పుస్తకం పెట్టుకో!"

"ఏవండీ, నేనేదో అంటుంటే..." అన్నారు ఆవిడ.

"నువ్వేమీ అనలేదు. కిటికీ గురించే అన్నావు. నేనూ అదే అంటున్నాను!"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఈ మనిషితో గుమ్మం దాటడం తనదే బుద్ధి తక్కువని పైకే అనుకున్నారు. ఆరేళ్లుగా ప్రతి ప్రయాణంలోనూ ఆవిడ ఆ మాట అంటున్నారు, ప్రతి ప్రయాణానికీ వస్తున్నారు.

తోట బాగుంది. వరసగా తీగలు, వాటి వెనక ఎర్ర పెంకుల షెడ్డు, లోపల మనిషి ఎత్తుకి మూడింతలున్న ఉక్కు ట్యాంకులు. తిప్పి చూపించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆమె మెడలో తోట పేరున్న కార్డు, మొహంలో అప్పటికి ఇంకా చెరగని నవ్వు ఉన్నాయి. ఫిర్యాదుల పుస్తకం ఎక్కడని ఫిర్యాదుగారు అడిగారు. లేదండి, అభిప్రాయాల పుస్తకం ఉంది, చివర్లో రాయొచ్చు అంది. "అభిప్రాయాలు అందరికీ ఉంటాయమ్మా, వాటికి పుస్తకమెందుకు?" అన్నారాయన.

మొదటి బల్ల దగ్గర తెల్ల వైన్ పోసింది. గ్లాసు ఎలా వంచాలో, ఎలా తిప్పాలో, ముక్కు లోపలికంటా పెట్టి ఎలా పీల్చాలో చూపించింది. "ఇందులో కోసిన గడ్డి వాసన ఉంటుంది, పచ్చి జామకాయ ఉంటుంది, తడిసిన రాయి ఉంటుంది. ఇంకొకటి కూడా ఉంది. అదేంటో టేస్టరుగారే చెప్పాలి," అని నాలుక వైపు చూసింది.

"చెప్పరా!" అన్నాడు పళ్ల డాక్టరు, బిడ్డ చేత పద్యం చెప్పిస్తున్న తండ్రిలా.

నాలుక గ్లాసు ఎత్తాడు. ముక్కు పెట్టాడు. పీల్చాడు. గాలి లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది. గడ్డీ లేదు, జామకాయా లేదు, రాయి కూడా లేదు. ఏదో ఒకటి అనేద్దామని నోరు తెరిచాడు.

"ఆగండి! ఏంటమ్మా ఇది?" ఫిర్యాదుగారు తన గ్లాసుని దీపం కిందకి ఎత్తి పట్టుకున్నారు. "గ్లాసు ఇంత! పోసింది ఇంత! మా ఆవిడ చెవిలో మందు వేసినా ఇంతకంటే ఎక్కువ చుక్కలు పడతాయి!"

"సార్, రుచి చూడటానికి ఇంతే పోస్తారండి. ఎక్కడైనా ఇదే కొలత."

"ఎక్కడైనా మోసం చేస్తే ఇక్కడా చేస్తావా? గ్లాసుకి గీత ఉండాలి. గీతేది? గీత లేని గ్లాసులో పోసినదాన్ని కొలత అనకూడదు, దయ అనాలి! మేం దయ కోసం ఇంత దూరం రాలేదు!"

గీత గురించి పావుగంట నడిచింది. నీళ్ల ఆఫీసులో మీటర్ల మీద గీతలు ఎలా ఉండేవో ఆయన వివరంగా చెప్పారు. ఆ అమ్మాయి చివరికి తోట మేనేజరు దగ్గరికెళ్లి, గీతలున్న కొలపాత్ర తెచ్చి, అందరి గ్లాసులూ కొలిచి చూపించింది. అందరికీ సమానంగానే ఉంది. ఫిర్యాదుగారిది ఒక చుక్క ఎక్కువే ఉంది. "చూశారా, సమానంగా లేదు!" అన్నారాయన. ఈ లోపల తర్వాతి బల్లకి వేళైపోయింది. నాలుకని అడిగిన ప్రశ్న ఏమైందో ఎవరికీ గుర్తులేదు.

బతికించావురా అనుకున్నాడు నాలుక. వెంటనే సిగ్గుపడ్డాడు. పాపం ఆ పిల్ల ఏం చేసిందని?

రెండో బల్ల మీద ఎర్ర వైన్, పక్కన మెరుస్తున్న ఇత్తడి తొట్టి. అమ్మాయి నవ్వు కాస్త పలచబడింది. "ఇది నోట్లో తిప్పి, రుచి చూసి, ఈ తొట్టిలో ఉమ్మేయొచ్చు. అన్నీ తాగితే తల తిరుగుతుంది కదండి. టేస్టరుగారికి ఇది అలవాటే కదా. సార్, మీరు ముందు చూపిస్తారా?"

నాలుకకి ఉమ్మడం వచ్చు. ముప్ఫై ఏళ్లు ఉమ్మాడు. ఉమ్మిన తర్వాత చెప్పాల్సింది ఏమీ లేకపోవడమే వచ్చిన చిక్కు. గ్లాసు మూతి దగ్గరికి వెళ్లింది. డాక్టరు తన ఫోను కెమెరా తెరిచి పట్టుకున్నాడు.

"ఉమ్మడమా?"

ఆ కేకకి తొట్టి గణగణమంది. ఫిర్యాదుగారు దాన్ని రెండు చేతులా ఎత్తి గుండెకి హత్తుకున్నారు. "ఎవడో ఎండలో నడుం వంచి గుత్తి గుత్తి కోశాడు. ఎవడో మోశాడు. ఎవడో ఏడాది పాటు చీకటి గదిలో కాపలా కాశాడు. దాన్ని పెద్దమనుషులొచ్చి తుపుక్కున ఉమ్మిపోతారా? వాడు చూస్తే ఏమనుకుంటాడు?"

"ఒరేయ్, నా క్లినిక్‌లో రోజూ అందరూ ఉమ్ముతారు, నేనేమైనా అనుకుంటున్నానా?" అన్నాడు డాక్టరు.

"నీ క్లినిక్‌లో ఉమ్మేది నీ పనితనంరా! నువ్వు అనుకోవాలి!"

"పరువు తీస్తున్నావు!"

"తొట్టిలో ఉన్నదంతా నీ పరువేనా?"

ఫిర్యాదుగారు తొట్టి వదల్లేదు. ఉమ్మే ప్రసక్తే లేదని ప్రకటించి తన గ్లాసు తాగేశారు. నాలుక చేతిలోంచి గ్లాసు లాక్కుని అదీ తాగేశారు. భార్య గ్లాసు తాగేశారు. డాక్టరు తన గ్లాసుని వెనక దాచుకున్నాడు. ఫిర్యాదుగారి బుగ్గలు ఎర్రబడ్డాయి, గొంతు ఇంకా గంభీరమైంది. అమ్మాయి మొహంలో నవ్వు అయిపోయింది.

ఇప్పుడు నాలుకకి కూడా కోపం వచ్చింది. గండం గడిచినందుకు హాయిగానే ఉంది, కాదనడు. కానీ ఏం మనిషి వీడు? ఒక్క రోజు, ఒక్క చోట, ఒక్క మంచి మాట అనలేడా? ఇలాంటివాడి పక్కన యాభై ఏళ్లు ఎలా కూర్చున్నాను అని లోపల్లోపల మండిపడ్డాడు.

మూడో చోటు నేలమాళిగ. మెట్లు దిగితే చల్లగా, మసకగా ఉంది. రెండు వైపులా చెక్క పీపాలు. మధ్యన చిన్న బల్ల మీద నల్లగుడ్డ చుట్టిన మూడు సీసాలు, ముందు మూడు గ్లాసులు. పక్కన స్టూలు మీద పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్లుగా ఆ తోటలో వైన్ చేస్తున్న మనిషి. చేతులకి ఆ రంగు దిగిపోయి గోళ్లు ఊదాగా ఉన్నాయి. నాలుకని చూసి లేచి నిలబడ్డాడు.

"రండి బాబూ. నలభై ఏళ్లు ఈ ముక్కుతోనే నాకు కాపురం. నాలాంటి ఇంకో ముక్కుతో మాట్లాడాలని ఎన్నాళ్లనుంచో కోరిక. ఈ మూడింట్లో ఒకటి నేను మొట్టమొదట చేసిన రకం. ఏదో చెప్పండి. మీరు చెబితే ఒప్పుకుంటాను."

"తప్పు చెబితే నేను ఈ పీపాలో దూకుతాను!" అన్నాడు పళ్ల డాక్టరు.

నాలుక మొదటి రెండు చోట్లా అబద్ధం ఆడదామనుకున్నాడు. ఈ మనిషి ముందు నోరు రాలేదు. నిజం చెబితే డాక్టరు వింటాడు, రేపటికి మేనేజరు వింటాడు, సోమవారం కంపెనీ గేటు దగ్గరే అందరూ జాలిగా చూస్తారు. మొదటి గ్లాసు ఎత్తాడు. ఏమీ లేదు. రెండోది ఎత్తాడు. ఏమీ లేదు.

"అన్యాయం!" అన్నారు ఫిర్యాదుగారు. నేలమాళిగ మారుమోగింది. "ఇతను సెలవులో ఉన్నాడు! సెలవులో ఉన్న ఉద్యోగి చేత ఉద్యోగం చేయిస్తారా? పై అధికారి అనుమతి ఉందా? కాగితం చూపించండి!"

"ఇది సరదాకి బాబూ," అన్నాడు పెద్దాయన.

"సరదానా? ఇదిగో, ఇతను పళ్ల డాక్టరు. సరదాకి ఇక్కడున్నవాళ్ల పళ్లన్నీ పీకించమంటారా? ఎందుకమ్మా నిలబడ్డావు, తీసుకురా ఆ పుస్తకం! అభిప్రాయమో పాడో, ఉన్నది పట్రా!"

అమ్మాయి పరుగెత్తి పుస్తకం తెచ్చింది. రాయడానికి చోటు కావాలని ఫిర్యాదుగారు గ్లాసుల్ని పక్కకి తోశారు, సీసాల్ని చేతికొచ్చినట్టు అటూ ఇటూ జరిపారు, ఒకదాన్ని కింద పెట్టారు, మళ్లీ తీసి పైన పెట్టారు. పెద్దాయన నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"అయ్యో, కలిపేశారు! ఏది ఏదో నాకే తెలియదిప్పుడు!"

"గుర్తులు పెట్టుకోకపోవడం మీ లోపం. అదీ రాస్తాను," అని ఫిర్యాదుగారు సొంత పెన్ను తీసి పీపా మీద కూర్చున్నారు. ఒక పేజీ రాశారు. తిప్పారు. ఇంకో పేజీ రాశారు. ఎవరు మాట్లాడబోయినా పెన్ను ఎత్తి ఆపారు. నాలుగో పేజీలో ఉండగా పైన డ్రైవరు హారన్ కొట్టాడు. తోట మూసే వేళైంది.

బయట ఎర్ర షెడ్డు ముందు పళ్ల డాక్టరు శివమెత్తాడు. "ఇక జన్మలో నీతో ఎక్కడికీ రాను! వాడి విద్య నలుగురూ చూడాలని నేను ఏర్పాటు చేస్తే అడుగడుగునా అడ్డం పడ్డావు! నీకు వాడంటే అసూయరా!"

"అవును, అసూయే. దాని మీద ఫిర్యాదు రాసుకో. కావాలంటే పెన్ను ఇస్తాను," అన్నారు ఫిర్యాదుగారు, వ్యాను ఎక్కి కళ్లు మూసుకుంటూ.

నాలుకకి ఒళ్లు మండిపోయింది. పెద్దాయన మొహం కళ్లలోంచి పోవడం లేదు. కనీసం క్షమాపణ చెప్పి రావాలని వెనక్కి వెళ్లాడు. నేలమాళిగ మెట్ల దగ్గర అమ్మాయి పుస్తకం తెరిచి పట్టుకుని పెద్దాయనకి చదివి వినిపిస్తోంది. మధ్యలో నవ్వు ఆపుకోలేక ఆగింది. నాలుకని చూసి పుస్తకం అతని చేతిలో పెట్టింది. ఆ చేతిరాత అతనికి ఒకటో తరగతి నుంచీ తెలుసు.

"పోసిన కొలత సరైనదే. నాకే ఒక చుక్క ఎక్కువ పడింది. తొట్టి శుభ్రంగా ఉంది, నా మొహం కనిపించింది. ఈ అమ్మాయి ఓపికకి అర్జంటుగా ప్రమోషను ఇవ్వాలి. ఇవ్వకపోతే మళ్లీ వస్తాను. సీసాలు కలిపేసింది నేనే, పెద్దాయన తప్పు ఏమీ లేదు. మూడుసార్లు అరిచాను. మూడింటికీ కారణం ఈ తోటలో లేదు. ఆరేళ్లలో నేను ఫిర్యాదు లేకుండా రాసిన పుస్తకం ఇదొక్కటే, జాగ్రత్తగా దాచుకోండి." మిగతా పేజీలన్నీ కిటికీ తెరుచుకోని వ్యాను గురించి.

"మరి ఎందుకరిచారు సార్ ఆయన?" అంది అమ్మాయి.

నాలుక పెద్దాయన వైపు తిరిగాడు. మూడు నెలలుగా దాచుకున్న మాట తనంతట తనే బయటికి వచ్చింది. "నాకు వాసన తెలియడం లేదండీ. జ్వరం వచ్చినప్పట్నుంచీ. మీ ముందు గ్లాసు పట్టుకున్నందుకు నన్ను క్షమించాలి."

పెద్దాయన తలాడించాడు. "అనుకున్నాను. మీరు దగ్గరికొచ్చి గ్లాసు ఎత్తినప్పుడే అనుకున్నాను."

"ఎలా తెలిసింది?"

"ఏమీ అనుకోకండి బాబూ. మీ స్వెటరు. కలరా ఉండల వాసన గుప్పున కొడుతోంది. ముక్కున్నవాడెవడూ దాన్ని తొడుక్కుని వైన్ గదిలోకి రాడు." ఆయన మెల్లిగా నాలుక మోచెయ్యి పట్టుకుని గదికి దూరంగా, గాలిలోకి నడిపించాడు. "మీ స్నేహితుడికి తెలుసా ఈ సంగతి?"

"తెలియదండీ. ఎవరికీ..." అని నాలుక ఆగిపోయాడు.

ఈ స్వెటరు బీరువాలో పై అరలో ఉండేది. దాని మడతల్లో కలరా ఉండలు వేసింది తనే. జ్వరం తగ్గిన వారంలో వంటింట్లో చీమలు పడుతున్నాయని టీ డబ్బాని అదే అరలో పెట్టాడు, స్వెటరు మీద. మూత సరిగ్గా పట్టని డబ్బా. టీ ఆకు పక్కన ఏది ఉంటే దాని వాసన పీల్చేసుకుంటుందని ఎంతమంది కొత్తవాళ్లకి నేర్పాడు! ఆ ఆకుతో టీ పెట్టి, వేడివేడిగా, ఆ మహానుభావుడి చేతికిచ్చాడు. మంగలి షాపు అద్దాన్ని వదలని మనిషి. పార్కు బెంచీని వదలని మనిషి. ఆ టీ గురించి ఒక్క మాట, ఒక్క ముక్క అనలేదు. యాభై గ్రాములు తక్కువన్నాడు.

నాలుక వ్యాను దగ్గరికి ఎంత వేగంగా నడిచాడో అతనికే తెలియదు. ఎక్కి, ఫిర్యాదుగారి పక్కన కూర్చున్నాడు. వ్యాను కదిలింది. ముందు సీట్లో డాక్టరు ఇంకా బుసలు కొడుతూనే ఉన్నాడు.

"ఒరేయ్ డాక్టరూ," అన్నాడు నాలుక. "నాకు మూడు నెలలుగా వాసన తెలియడం లేదు. వీడు అరవకపోతే ఇవాళ నా పరువు ఆ తొట్టిలో పడి ఉండేది."

డాక్టరు వెనక్కి తిరిగాడు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. రోగుల్లో ఎవరూ అంతసేపు అలా ఉంచి ఎరగరు.

ఫిర్యాదుగారు దిగ్గున కళ్లు తెరిచారు. "ఎందుకు చెప్పావురా! మూడు నెలలు నేను నోరు కట్టుకుని చచ్చానే! వీడికా చెప్పేది? ఏయ్, ఇది బయటికి వచ్చిందంటే నీ క్లినిక్‌లో కుర్చీ నుంచి పటకారు దాకా ఒక్కోదాని మీదా ఒక్కో ఉత్తరం రాస్తాను!"

"నేనెవరికి చెబుతానురా," అన్నాడు డాక్టరు, నీరసంగా. కాసేపాగి, "ముందే చెబితే ఈ తోటకే తీసుకొచ్చేవాణ్ణి కాదు కదరా," అని కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"సోమవారం నీతో ఆఫీసుకి నేనూ వస్తున్నాను," అన్నారు ఫిర్యాదుగారు నాలుకతో. "మీ కంపెనీ నిబంధనల పుస్తకం తెప్పించి చదివాను. జబ్బుతో రుచి పోయినవాడికి కొత్తవాళ్లని తయారుచేసే పని ఇవ్వాలని అందులో ఉంది. అర్జీ రాసి ఉంచాను. మూడు కాపీలు. ఇవ్వనంటే వాళ్ల సంగతి నేను చూసుకుంటాను. అన్నట్టు, ఆ పుస్తకం అట్ట నాసిరకం, అది వేరే రాశాను."

నాలుక స్వెటరు విప్పి, ఉండలా చుట్టి, సీటు కిందకి తోశాడు. ఫిర్యాదుగారి భార్య గట్టిగా ఊపిరి తీసుకుని "అమ్మయ్య" అన్నారు.

"ఒరేయ్, ఆ రోజు టీ ఎలా ఉందిరా?" అన్నాడు నాలుక.

ఫిర్యాదుగారు ఒక్క క్షణం చూశారు. అంతే, ఆనకట్ట తెగింది.

"టీయా? దాన్ని టీ అంటావా? పట్టుచీరల బీరువాని నీళ్లలో మరగబెట్టి పాలు కలిపినట్టుంది! నాలుగు రోజులు తేనుస్తే కలరా ఉండలు! మా ఇంట్లో చిమ్మటలు నన్ను చూసి పారిపోయాయి! నా జన్మలో ఎన్ని కౌంటర్ల దగ్గర ఎంత చెత్త చూశాను, ఇంత అన్యాయం చూడలేదు! రాస్తే వంద పేజీలు రాద్దును! రాయకుండా ఎలా ఉన్నానో నా కడుపుకి తెలుసు!"

"మరి రెండో కప్పు అడిగి మరీ తాగావు కదరా?"

"అడక్కపోతే నీకు అనుమానం రాదూ?" అని గద్దించి, ఫిర్యాదుగారు కిటికీ వైపు తిరిగారు. అది ఇంకా తెరుచుకోవడం లేదని డ్రైవరు మీద విరుచుకుపడ్డారు.